కొత్త కంప్యూటర్ మొదటి రోజే విసిగిస్తుంటే ఏం చెయ్యాలి

50, 60 వేలు పోసి కొన్న లాప్‌టాప్ మొదటి రోజే ఆగి ఆగి నడుస్తూ, ఫ్యాన్ హోరుమంటూ, ఊరికే పాపప్‌లు వేస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కానీ చాలాసార్లు మెషీన్‌లో ఏ లోపం ఉండదు, గొడవంతా సాఫ్ట్‌వేర్‌దే. నేను చెప్పేది విండోస్ 11 గురించి.

ముందు అప్‌డేట్స్ పూర్తి కానివ్వండి. ఆ పెట్టె ఫ్యాక్టరీలో ప్యాక్ అయ్యి మీ ఇంటికొచ్చేసరికి నెలలు గడిచిపోయుంటాయి, అన్ని నెలల అప్‌డేట్లూ ఒకేసారి మీద పడతాయి, అందుకే ఆ స్లో. చార్జర్ పెట్టి, మంచి వైఫై కలిపి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్ళి, రీస్టార్ట్ అడిగినప్పుడల్లా చేస్తూ ఇంకేం లేవు అనేదాకా చెక్ చేస్తూనే ఉండండి. సౌండ్ రాకపోయినా బ్లూటూత్ పట్టకపోయినా అక్కడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి, కావాల్సిన డ్రైవర్ (ఆ భాగాన్ని పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్) చాలాసార్లు అందులో ఉంటుంది.

తర్వాత, ముందే వేసిచ్చిన ట్రయల్ యాంటీవైరస్ తీసెయ్యండి. భయం అక్కర్లేదు, అది పోగానే విండోస్‌తో వచ్చే డిఫెండర్ తనే ఆన్ అవుతుంది, ఇంట్లో వాడకానికి అది సరిపోతుందనే నా అభిప్రాయం. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, స్టార్టప్ యాప్స్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తామే మొదలయ్యే వాటిలో, మీకు అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యండి.

"స్టోరేజ్ ఫుల్" అని వన్‌డ్రైవ్ (ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచే మైక్రోసాఫ్ట్ సర్వీస్) మెసేజ్ వస్తే మీ డిస్క్ నిండిందని కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్ళు అందులో ఫ్రీగా ఇచ్చే 5 జీబీ నిండిందని. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ అది పైకి ఎక్కించేస్తుంటుంది. గడియారం పక్కన మబ్బు గుర్తు నొక్కి సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆపొచ్చు, ఆపాక డెస్క్‌టాప్ ఖాళీగా కనపడితే కంగారు పడకండి, ఫైళ్ళు వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం ఇది, దయచేసి ఇవాళే చూడండి. చాలా కొత్త లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కి వేసే తాళం) దానంతటదే ఆన్ అయిపోతుంది, ఎప్పుడో ఒక అప్‌డేట్ తర్వాతో రిపేర్ తర్వాతో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే పిల్లల ఫోటోలతో సహా అన్నీ పోయినట్టే, మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా తియ్యలేరు. ఆ కీ మొదట సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మన దగ్గర షాపు కుర్రాడే తన మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చేస్తుంటాడు, అలా అయితే కీ అతని అకౌంట్‌లో ఉన్నట్టు! సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి ఎవరి మెయిల్ ఉందో చూసుకోండి, మీది కాకపోతే ఇంకా ఫైళ్ళేం ఎక్కించకముందే సెట్టింగ్స్‌లోనే సిస్టమ్, రికవరీలోకి వెళ్ళి రీసెట్ చేసి మీ మెయిల్‌తో మళ్ళీ మొదలుపెట్టండి. కీ కాగితం మీద రాసి బిల్లుతో పాటు దాచండి.

ఇవన్నీ చేశాక కూడా బ్లూ స్క్రీన్ (కంప్యూటర్ ఆగిపోయి ఎర్రర్ చూపించే తెర) వస్తుంటే ఫోటో తీసుకుని, రిప్లేస్‌మెంట్ గడువు దాటకముందే కొన్నచోట అడగండి.