పాత ఇల్లు విప్పుతున్నారా? దొరికినదాన్ని దొరికిన చోటే ఉంచండి

పాత ఇళ్లను కూల్చే పనులు, మరమ్మతు పనులు జోరందుకున్నప్పుడల్లా గోడలోంచో, అటక మీదనుంచో, గచ్చు కిందనుంచో ఏదో ఒకటి బయటపడిందన్న వార్త వస్తుంది. 2022లో మధ్యప్రదేశ్‌లోని ధార్‌లో ఒక పాత ఇంటిని కూలుస్తుండగా 86 బంగారు నాణేలు దొరికితే, కూలీలు వాటిని పంచుకున్నారు. తరువాత ఎనిమిది మంది అరెస్టయ్యారు. నేరం సంగతి పోలీసులూ న్యాయస్థానమూ చూసుకుంటాయి. పంచుకున్న నాణేలను ఇంటింటికీ తిరిగి వెనక్కి రాబట్టవచ్చు కూడా. కానీ ఒక నిక్షేపం చేతులు మారిన తరువాత, అది ఏ గోడలో ఎంత లోతున దేనితో కలిసి ఉండేదో రాబట్టడం ఎవరి తరమూ కాదు.

శిరస్త్రాణం పెట్టుకోవడం, విద్యుత్తు నిలిపివేయడం, బరువు మోసే గోడకు ఊతకర్రలు పెట్టడం వంటివి ఏ మేస్త్రినడిగినా చెబుతాడు కనుక వాటిని వదిలేస్తున్నాను. నేను చూసిన నష్టాలలో అధిక భాగానికి కారణం ఒకే ఒక్క తప్పు: వస్తువు కనబడగానే దాన్ని బయటికి లాగడం. అత్యాశతో లాగేవారు కొందరే. ఎక్కువమంది కుతూహలంతో, ఇంకొందరు దాన్ని కాపాడుతున్నామన్న సదుద్దేశంతోనే లాగుతారు. ఫలితం మాత్రం ఒక్కటే. ఫోటో తీయకుండా, కొలత రాసుకోకుండా దేన్నీ కదిలించకూడదు.

చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది బూట్ల విషయంలో బాగా అర్థమవుతుంది. ఐరోపాలోని పాత ఇళ్ల పొగగొట్టాల్లోనూ, గోడల నడుమా, పైకప్పు దూలాల మధ్యా అరిగిపోయిన బూట్లు, తరచుగా ఒంటి బూట్లు, వాటిలోనూ చాలావరకు పిల్లలవి, దొరుకుతూ ఉంటాయి. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ మ్యూజియం వీటి జాబితాను 1950ల నుంచి నమోదు చేస్తూ వస్తోంది. ఎందుకు దాచారో చెప్పే రాత ఏదీ దాదాపుగా లేకపోయినా, అవి ఎక్కువగా పొయ్యి, పొగగొట్టం పరిసరాల్లోనే దొరకడాన్ని బట్టి ఇంట్లోకి చెడు చొరబడే దారులను కాయడానికి పెట్టి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ ఊహకు ఆధారమంతా చోటే. అదే బూటును పొగగొట్టం నుంచి తీసి బల్లమీద పెట్టేస్తే అది ఒక పాత బూటు మాత్రమే.

నాణేల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2019లో ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని ఎల్లర్బీ గ్రామంలో ఒక ఇంటి వంటగది నేలను తిరగవేస్తుండగా 264 బంగారు నాణేలు దొరికాయి. వాటిలో పాతది 1610 నాటిది, కొత్తది 1727 నాటిది. ఆ కొత్త నాణెం ఉండబట్టే నిక్షేపాన్ని 1727కు ముందు దాచి ఉండరని చెప్పగలిగారు. గుర్తుగా ఉంటుందని ఎవరో ఒకరు జేబులో వేసుకున్నది సరిగ్గా ఆ నాణెమే అయితే కాలనిర్ణయం తప్పిపోయేది. కాబట్టి నాణేల కుండలోంచి ఒక్క నాణెం కూడా విడదీయకూడదు. కుండ పగిలి ఉంటే పెంకులను కూడా పారవేయకూడదు.

పని మొదలయ్యే ముందే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఏదైనా కనబడితే పని ఆపాలనీ, ఎవరికి చెప్పాలనీ, ఆపిన సమయానికి కూడా కూలి ఇస్తామనీ పనివారితో ముందుగానే మాట్లాడి రాసుకోండి. కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు. ఇంటి నక్షా ఒకటి గీసి ప్రతి గోడకూ ఒక సంఖ్య ఇవ్వండి. ఒక కొలబద్ద, ఒక నోటుపుస్తకం, ఛార్జింగ్ ఉన్న ఫోను పనిస్థలంలోనే ఉండాలి. వస్తువు కనబడితే ముందు గది మొత్తం కనిపించేలా, తరువాత గోడ, ఆ తరువాత పక్కన కొలబద్ద పెట్టి వస్తువు, ఈ క్రమంలో ఫోటోలు తీయాలి. నేల నుంచి ఎత్తు, మూల నుంచి దూరం రాసుకోవాలి. అంతవరకూ కదిలించకూడదు.

దుమ్మును చెత్తగా చూడడం దీని తరువాతి తప్పు. 2020లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌బర్గ్ హాల్ అనే పాత భవంతి పైకప్పు మరమ్మతుల సమయంలో, నేల పలకల కింద, శతాబ్దాల నాటి వస్త్రపు ముక్కలు ఎలుకల గూళ్లలో దొరికాయి. పదిహేనవ శతాబ్దపు రాతప్రతిలోని ఒక పత్రం కూడా దొరికింది. పలకల కింద పేరుకున్న దుమ్ము అడుగున ఉన్న సున్నపు గార పొర ఆ దుమ్ములోని తేమను పీల్చుకోవడం వల్లనే వాటిలో చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలాయి. వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి ఉంటే ఏమీ మిగిలేది కాదు. ఎలుక గూడును కూడా ఒక పెట్టెలోకి తీసి పెట్టిన తరువాతే చీపురు పట్టండి.

మూత బిగించి ఉన్నదాన్ని తెరవకూడదన్నది మరొక నియమం. 2004లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మూత చెదరని ఒక మంత్రసీసా (చేతబడి తగలకుండా పూర్వం దాచిపెట్టే సీసా) దొరికినప్పుడు, పరిశోధకులు దాన్ని తెరవకముందే ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయించారు. ఆ తరువాత లోపలి ద్రవాన్ని పరీక్షిస్తే అది మూత్రమని, అందులో పొగాకు తాగినవారి ఆనవాలు కూడా ఉందని తేలింది. మేకులు, గుండుసూదులు, వెంట్రుకలు, గోటి ముక్కలు కూడా ఉన్నాయి. ఎవరైనా కంపు కొడుతోందని ఆ సీసాను మోరీలో ఒంపి కడిగి ఉంటే చేతికి మిగిలేది ఖాళీ సీసా.

ఇక ప్రాణం మీదికి వచ్చే వస్తువులు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో ఒక వ్యక్తి అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఆయన మరణించాడు. ఆ యుద్ధం ముగిసి అప్పటికి 140 ఏళ్లు దాటింది. తుప్పు పట్టిందంటే పేలదని కాదు. గుండు, తూటా, గ్రెనేడు, చెమ్మ పట్టిన డైనమైటు కడ్డీ కనబడితే ఫోటో కోసమైనా దగ్గరికి వెళ్లకుండా అందరినీ బయటికి పంపి పోలీసులకు చెప్పండి. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము రీళ్లు కూడా ఇలాంటివే. అవి మండేటప్పుడు తమకు కావలసిన ఆక్సిజన్‌ను తామే విడుదల చేసుకుంటాయి కనుక నీటిలో ముంచినా ఆరవు. రీళ్ల డబ్బాలో జిగట, గోధుమరంగు పొడి, ఘాటైన వాసన ఉంటే మూత పెట్టేసి, ఎండకూ వేడికీ దూరంగా ఉండనిచ్చి, అగ్నిమాపక శాఖను పిలవండి. పాత మందు సీసాల్లో పాదరసమూ, పందొమ్మిదో శతాబ్దపు పచ్చరంగు గోడకాగితాల్లో ఆర్సెనిక్కూ ఉండవచ్చు. రుచి చూడడం, గోకడం వద్దు.

చట్టం ప్రతి దేశంలోనూ ఒకేలా ఉండదు. భారతదేశపు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం భూమిలో దాగినవాటికే కాక, భూమికి అంటుకుని ఉన్న కట్టడాల్లో దాగినవాటికీ వర్తిస్తుంది. దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇంగ్లండ్‌లో నిధి అనిపించినదాన్ని 14 రోజుల్లోగా కరోనర్‌కు, అంటే అనుమానాస్పద మరణాలతో పాటు నిధులపైనా విచారణ జరిపే అధికారికి, తెలపాలి. మీ ఇల్లయినంత మాత్రాన గోడలోది మీ సొత్తయిపోదు.

మిగిలినవి వరుసగా చెబుతాను. నాణేలను తోమవద్దు. కిలుం గీకవద్దు, ఎందుకంటే ఉపరితలంలోని వివరమంతా ఆ పొరలోనే ఉంటుంది. పులుపు, బూడిద, వెండి పాలిషు, ఇంకేదీ తగిలించవద్దు. చుట్టిన కాగితాన్ని విప్పవద్దు. అతుక్కున్న పుటలను కత్తితో విడదీయవద్దు. చిరుగులకు టేపు అతికించవద్దు, లామినేషన్ అసలే వద్దు. తోలుకు నూనె రాయవద్దు. తాళపత్రాల కట్టు నుంచి దారం లాగవద్దు. తడిగా దొరికినదాన్ని తడిగానే, పొడిగా దొరికినదాన్ని పొడిగానే ఉంచండి, హఠాత్తుగా ఆరిన కలప చీలిపోతుంది. తడిసిన కాగితాలను ఎండలో పరచవద్దు. రెండు రోజుల్లో బూజు పడుతుంది కనుక నిపుణులు అందుబాటులో లేకపోతే ఫ్రీజరులో పెట్టండి. వార్తాపత్రికలో చుట్టవద్దు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పొడి వస్తువులను బిగించవద్దు. ఎముకలు కనబడితే పని ఆపి పోలీసులను పిలవండి. పాత తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూడవద్దు. బంధువులకు పంచవద్దు. ఇంటి చిరునామా తెలిసేలా ఫోటోలు సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దు, ఆ రాత్రికే గడ్డపారలతో వస్తారు. విలువ కట్టించుకుందామని కొనేవాడి దగ్గరికే వెళ్లవద్దు. గోడలో ఒక వస్తువు దొరికిందంటే పక్కన ఇంకొకటి ఉండవచ్చు, ఆ గోడను యంత్రంతో కూల్చడం ఆపి చేతి పనిముట్లకు మారండి. పైకప్పు కారుతుంటే, గోడ ఒరుగుతుంటే తీయక తప్పదు. అప్పుడు కూడా మూడు ఫోటోలకు ఒక్క నిమిషం చాలు. తీసేవారు ఒకరు, రాసేవారు ఒకరు ఉండాలి. తీసిన ప్రతిదానికీ గోడ సంఖ్య, తేదీ, తీసినవారి పేరు రాసిన చీటీని సంచికి కట్టండి, వస్తువు మీద మాత్రం పెన్నుతో రాయవద్దు. చీటీ కట్టకుండా రెండో వస్తువు జోలికి వెళ్లవద్దు.