లావు లినెన్ దారంతో ఉన్ని కుట్టడానికి మిషన్ ఎలా ఎంచుకోవాలి

మిషన్ కొనేటప్పుడు చాలామంది మొదట అడిగేది మోటారు పవర్ ఎంత అని. ఉన్ని కోట్లు, దుప్పట్లు లావు లినెన్ దారంతో కుట్టాలనుకునేవాళ్లు ముందు ఆ దారానికి పట్టే సూది ఏదో తేల్చుకోవాలి. ఆ సూది ఏ మిషన్‌కు ఎక్కుతుందో అదే మీకు కావలసిన మిషన్.

సూది బెజ్జంలో దారం ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తన బరువుకు తానే జారిపోవాలి. లినెన్ దారం అంతటా ఒకే లావు ఉండదు, మధ్యమధ్య చిన్న ఉండలు తగులుతాయి. అక్కడ సూది ఆగిపోతే పై నంబరు సూది తీసుకోండి. పైదారం కుట్టులో పడేలోపు ఆ బెజ్జంలో పదులసార్లు కిందికీ పైకీ రాసుకుంటుంది. ఇరుకైతే పీచు లేస్తుంది, కాసేపటికి తెగుతుంది. పాలిస్టర్ దారంలా లినెన్ సాగదు కూడా.

ఇంటి మిషన్లకు మామూలుగా 120 నంబరు దాకా సూదులు దొరుకుతాయి. 120 అంటే సూది మందం 1.2 మిల్లీమీటర్లు. మీ దారం ఇందులో జారితే, తిన్నని కుట్టు మాత్రమే వేసే పాత ఇనుప మిషన్ చూడండి. చేత్తో తిప్పేదైనా, కాలితో తొక్కేదైనా సరే. బరువైన చక్రం మందమైన మడతల మీద కూడా సూదిని నెమ్మదిగా దించుతుంది. నాకు వాటి మీదే గురి.

అంతకంటే లావు సూది కావాలంటే సోఫా కవర్లు కుట్టే వాకింగ్ ఫుట్ మిషన్‌కు (బట్టను నొక్కిపట్టే ఫుట్ కూడా బట్టతో నడిచే రకం) వెళ్లాల్సిందే. అందులోనూ సూది, ఫుట్ రెండూ బట్టతో పాటు కదిలే రకం తీసుకుంటే ఉన్ని పొరలు ఒకదాని మీద ఒకటి జారవు. మోటారు సర్వో (వేగం బాగా తగ్గించుకోగలిగే రకం) అయితే ఒక్కో కుట్టూ చూసుకుంటూ వేయొచ్చు.

దారం పురి కూడా చూడాలి. దారాన్ని నిలువుగా పట్టుకుంటే మెలికల గీతలు ఎడమ కింద నుంచి కుడి పైకి వాలి ఉండాలి. మామూలు మిషన్లన్నీ ఈ పురికే తయారవుతాయి. ఎదురు పురి దారం మిషన్‌లో విడిపోతుంటుంది. చేతికుట్టు కోసం అమ్మే లినెన్‌లో ఇలాంటివి తగులుతాయి, రీలు కొనేముందే చూసుకోండి.

పెద్ద మిషన్ కొనలేకపోతే ఇంకో దారి ఉంది. లావు దారం బాబిన్‌లో చుట్టి, పైన సన్న దారం పెట్టి, బట్టను తిరగేసి కుట్టండి. బాబిన్ దారానికి సూది బెజ్జంతో పనే లేదు కదా. ఇందుకు విడిగా ఒక బాబిన్ కేసు కొని, దాని స్క్రూ వదులు చేసి ఉంచుకుంటే అసలు కేసు టెన్షన్ (దారం బిగువు) చెడదు. ఇది పై అందానికి వేసే కుట్టుకే బాగుంటుంది, బరువు మోసే కుట్టుకు వద్దు.

షాపుకు మీ దారం, మీ ఉన్ని ముక్కే పట్టుకెళ్లండి. రెండు కుట్లు కలిసేచోట ఎన్ని పొరలొస్తాయో అన్నీ మడిచి ఫుట్ కింద పెట్టండి. అసలు దూరకపోతే ఆ మిషన్ వదిలేయండి. దూరితే చక్రం చేత్తో తిప్పుతూ మడత ఎక్కించి దించండి. ఫుట్ ఒత్తిడి తగ్గించే మర ఉందో లేదో అడగండి, ఎక్కువ నొక్కితే ఉన్ని సాగి అంచులు అలలు తిరుగుతాయి. కుట్టు పొడవు కనీసం 4 మిల్లీమీటర్లు రావాలి, 6 వస్తే లావు దారం ఇంకా పొందిగ్గా కూర్చుంటుంది. తర్వాత బట్ట తిప్పి అడుగు చూడండి. టెన్షన్ సరిచేశాక కూడా కింద దారం ఉచ్చులు కనిపిస్తుంటే, ఎంత తగ్గించి ఇస్తామన్నా ఆ మిషన్ తీసుకోవద్దు.