తులంబెన్ లిబర్టీ ఓడ దగ్గర డైవింగ్‌కు ముందు జాగ్రత్తలు

బాలిలోని ఈ ఓడను 1963లో అగుంగ్ అగ్నిపర్వతం ఒడ్డు నుంచి సముద్రంలోకి నెట్టేసింది. పైభాగం సుమారు 5 మీటర్ల లోతులోనే ఉంటుంది కదా అని తేలిగ్గా తీసుకోకండి. అడుగుభాగం 30 మీటర్ల దాకా వెళ్తుంది. ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో మొదటి స్థాయి శిక్షణ) మాత్రమే చేసినవాళ్లు 18 మీటర్ల దగ్గర ఆగాలి.

ఒడ్డంతా గుండ్రాళ్లు, అల వెనక్కి లాగితే కాళ్ల కింద దొర్లిపోతాయి. గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి.

జలుబు చేసి ఉంటే దిగొద్దు.

అన్నిటికంటే ముఖ్యం: ఊపిరి బిగబట్టి పైకి రావద్దు. లోపలి గాలి అన్నిటికంటే వేగంగా వ్యాకోచించేది పైనున్న ఆ కొద్ది మీటర్లలోనే, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సిలిండర్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) మిగిలి ఉండగానే పైకి చేరేలా చూసుకోండి.

తుప్పు రేకులు కోస్తాయి, రాయిలా కనిపించేది విషపు ముళ్లుండే స్కార్పియన్ చేప కావచ్చు. దేన్నీ పట్టుకోకండి. శిక్షణ లేకుండా ఓడ లోపలికి అసలు వెళ్లొద్దు.

వరుసగా డైవ్‌లు చేస్తే, విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగండి.