వాక్యాన్ని నమిలి తినడం ఎలా?

రోజూ బైబిల్ చదువుతున్నా లోపలి ఆకలి తీరడం లేదని బాధపడేవారిలో చాలామంది తక్కువేమీ చదవరు, గబగబా మింగేస్తారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠానికి అధిపతిగా ఉన్న రెండవ గిగో దీనికి నాలుగు మెట్లు చూపించాడు. చదవడమంటే ముద్ద నోట పెట్టుకోవడం, ధ్యానం దాన్ని నమలడం, ప్రార్థన రుచిని రాబట్టడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలవడం ఆ తీపే.

ముందుగా పది వచనాలకు మించని భాగం ఎంచుకోండి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో 46 నుంచి 52 వరకు ఉన్న బర్తిమయి కథతో మొదలుపెట్టవచ్చు. ఫోను పక్క గదిలో వదిలేసి, మీ చెవికి వినబడేలా నిదానంగా రెండుసార్లు చదవండి.

రెండోసారి ఏదో ఒక మాట దగ్గర మనసు చిక్కుకుంటుంది. అక్కడే ఆగండి. యేసు పిలుస్తున్నాడని వినగానే బర్తిమయి పైబట్ట పారవేసి లేచాడని 50వ వచనంలో ఉంది. అతను దారి పక్కన అడుక్కునే గుడ్డివాడు. విసిరిన బట్ట ఎక్కడ పడిందో వెతుక్కోగలడా? చూపు రాకముందే విసిరేశాడు! మరి నేను వదలకుండా పట్టుకుని కూర్చున్న బట్ట ఏది? ఈ ప్రశ్నతో ఐదు నిమిషాలు గడపండి. వ్యాఖ్యాన గ్రంథాలు మంచివే కానీ, వాటి వేళ ఇది కాదు.

తర్వాత ప్రార్థన. నేను నీకు ఏమి చేయాలని కోరుతున్నావని యేసు అతన్ని అడిగాడు. మిమ్మల్నే అడిగాడనుకుని, నోటికి అలవాటైన పడికట్టు మాటలు మాని ఒక్క వాక్యంలో జవాబు చెప్పండి. ఆపైన కాసేపు ఊరికే కూర్చోండి. ఈ మెట్టు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్కోరోజు కునుకు కూడా పడుతుంది, కంగారు పడకండి.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చదివి బాకీ తీర్చాలని చూడవద్దు. నిర్గమకాండం 16వ అధ్యాయంలో, ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారమైన మన్నా ఏ రోజుది ఆ రోజే, మనిషికి ఒక ఓమెరు అనే కొలత చొప్పున. విశ్రాంతిదినం కోసం ఆరో రోజున ఏరింది తప్ప, తెల్లవారేదాకా దాచుకున్నది పురుగుపట్టి కంపు కొట్టింది. ఎక్కువ ఏరినవారికి మిగలలేదు, తక్కువ ఏరినవారికి చాలకపోలేదు. కాబట్టి నిన్నటి లెక్క వదిలేసి, ఆపిన వచనం నుంచే మళ్లీ మొదలుపెట్టండి.