మీ ఊరి పని పంచాయతీ ప్లాన్‌లోకి ఎక్కాలంటే

ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు దండ వేసి అర్జీ ఇవ్వడం తప్పని నేను అనను, ఇవ్వండి. కానీ పంచాయతీకి కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు అర్జీ చూసి కదలవు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో, అందరూ జీపీడీపీ అంటారే, అందులో మీ పని ఉండాలి, ఆ ప్లాన్ ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కాలి. లేకపోతే ఖాతాలో డబ్బున్నా ఆ పనికి ఖర్చు పెట్టడం కుదరదు.

వచ్చే ఏడాది ప్లాన్ పని ముందు ఏడాది అక్టోబరు 2 నుంచే మొదలవుతుంది (2018 నుంచి దేశమంతా ఇలాగే నడుస్తోంది). అందుకని ఏప్రిల్‌లో వెళ్లి అడిగితే కార్యదర్శి చేతులెత్తేస్తారు, ఆయన తప్పేం కాదు. సెప్టెంబరులోనే గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. దండోరా వినపడలేదంటే కుదరదు, ఆఫీసుకెళ్లి అడగండి.

ఈలోపు చూసుకోవాల్సింది, మీరు అడిగే పని ఏ పద్దులోకి వస్తుందో. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం టైడ్, అంటే సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు మాత్రమే వాడాలి. మిగతా 40 శాతం అన్‌టైడ్. అందులోంచి వీధి దీపాలు, లోపలి రోడ్లు, శ్మశానం బాగు చేయడం లాంటివి ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. కాబట్టి "డబ్బుంది కదా, సీసీ రోడ్డు వేయరేం" అని సర్పంచ్‌ని నిలదీసే ముందు ఉన్నది ఏ డబ్బో తెలుసుకోండి. అయిదేళ్లకోసారి కొత్త ఆర్థిక సంఘం వస్తుంది, లెక్కలు మారతాయి, ఇప్పుడు ఏ పద్దులో ఎంత బ్యాలెన్స్ ఉందో కార్యదర్శినే అడగండి. ఇంకోటి, 15వ ఆర్థిక సంఘం షరతు ప్రకారం ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటు ఆగిపోతుంది. ప్రత్యేకాధికారి పాలనలో ఉన్న ఊళ్లకు ఆ బాధ బాగా తెలుసు.

గ్రామసభలో నోటితో చెప్పి కూర్చోకండి, కాగితం మీద రాసిచ్చి తీర్మానంలో ఎక్కించండి. "డ్రైనేజీ బాగు చేయాలి" అని రాస్తే అది తీర్మానాల పుస్తకంలోనే పడి ఉంటుంది. "హైస్కూలు ప్రహరీ మూల నుంచి పెద్ద కాలువ దాకా, రోడ్డుకి ఎడమ వైపు, సుమారు 120 మీటర్ల సీసీ డ్రైన్" అని రాయండి. అప్పుడు పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చి టేపు పట్టుకుని కొలవగలరు, ఎస్టిమేట్ వేయగలరు. రాసింది చదివి వినిపించమని అడిగి, విన్నాకే సంతకం పెట్టండి. ముందే ఖాళీ పేజీలో సంతకాలు తీసుకునే అలవాటు ఉంటే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

స్థలం గొడవ ఉంటే ముందు అది తేల్చుకోవాలి. పోరంబోకా, పట్టానా, ఎవరైనా కోర్టుకెళ్లారా అన్నది రెవెన్యూ వాళ్ల దగ్గర కనుక్కోండి. మంజూరైన పని గజం స్థలం కోసం ఆగిపోతే ఆ డబ్బు వేరే వీధికి పోతుంది.

తర్వాత ఈగ్రామ్‌స్వరాజ్‌లో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ప్లాన్ కనిపిస్తుంది, చెల్లింపులూ కనిపిస్తాయి, లాగిన్ అక్కర్లేదు. మీ పని లేకపోతే తీర్మానం కాపీ పట్టుకుని ఎంపీడీవో దగ్గరికి వెళ్లండి. పని మొదలయ్యాక ఎస్టిమేట్, ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీలకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎంబీలో 120 మీటర్లు ఉండి వీధిలో 90 మీటర్లే కనిపిస్తే, అది తుది బిల్లు పాసవ్వక ముందే అడగాల్సిన ప్రశ్న.