స్ట్రిప్ పాజిటివ్ వచ్చిందా? రిపోర్ట్ రాసే ముందు మార్ఫిన్‌ను ఇలా నిర్ధారించండి

యూరిన్ డ్రగ్ స్ట్రిప్‌లో టెస్ట్ గీత రాకపోతే పాజిటివ్. ప్రెగ్నెన్సీ స్ట్రిప్ అలవాటైనవాళ్లు మొదట్లో ఇక్కడే పొరబడతారు. అది రెండు రోజుల్లో సర్దుకుంటుంది. స్ట్రిప్ చూసి రిపోర్ట్‌లో పాజిటివ్ అని రాసేస్తే మాత్రం సర్దుకోదు. అందులోని యాంటీబాడీ మార్ఫిన్‌తో పాటు ఇంకొన్నిటినీ పట్టుకుంటుంది. లీవోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ వాడినా కొన్ని కిట్లు ఓపియేట్ (మార్ఫిన్ జాతి మందు) పాజిటివ్ చూపిస్తాయి. నేను మొదట పనిచేసిన ల్యాబ్ నుంచి ఒక డ్రైవర్ కుర్రాడి రిపోర్ట్ అలాగే వెళ్లిపోయింది. వాళ్ల నాన్న నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ పట్టుకుని వచ్చేసరికే అతని ఉద్యోగం పోయింది. చీటీలో రెండో మందు అదే.

ముందు సీలు, లేబుల్ చూడండి. యూరిన్‌లో మామూలుగా ఉండే వ్యర్థపదార్థం క్రియాటినిన్ డెసిలీటర్‌కు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే శాంపిల్ పలచబడిందని రాసుకోండి. వాడుతున్న మందులన్నీ అడగండి, దగ్గు సిరప్‌తో సహా. స్ట్రిప్ ముంచిన కప్పులోది వాడొద్దు, అసలు సీసాలోంచి కొత్తగా తీయండి.

తీసిన వెంటనే, ఇంకేదీ కలపకముందే ఇంటర్నల్ స్టాండర్డ్ వేయాలి. అంటే మూడు హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న మార్ఫిన్, తెలిసిన మోతాదులో. మామూలు మార్ఫిన్ ఎలా నడుచుకుంటుందో ఇదీ అలాగే, బరువు మాత్రం మూడు ఎక్కువ. మధ్యలో కొంత పోయినా రెండూ ఒకే వంతున పోతాయి కాబట్టి లెక్క నిలబడుతుంది. ఆలస్యంగా వేస్తే అంతకుముందు పోయినదానికి లెక్కే ఉండదు. మా ల్యాబ్‌లో పని నేర్చుకునే పిల్లలకు రోజూ చెప్పేది ఇదే.

తర్వాత బీటా గ్లూకురోనిడేజ్ ఎంజైమ్ కలపండి. యూరిన్‌లో మార్ఫిన్ చాలావరకు గ్లూకురోనైడ్ రూపంలోనే (శరీరం దానికి ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించిన రూపం) ఉంటుంది, ఎంజైమ్ దాన్ని విడదీస్తుంది. నిజంగా విడదీసిందా అన్నది తేలాలంటే మార్ఫిన్ గ్లూకురోనైడ్ కలిపిన కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన శాంపిల్) పక్కనే నడవాలి. ఆపైన కార్ట్రిడ్జ్‌లో (మార్ఫిన్‌ను పట్టి ఉంచే చిన్న గొట్టం) శుభ్రం చేసి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, మొబైల్ ఫేజ్‌లో (యంత్రంలో పారే ద్రవం) కరిగించి ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్‌కు ఎక్కించండి. అది పదార్థాలను కాలమ్ అనే గొట్టంలో వేరుచేసి, బరువును బట్టి గుర్తించే యంత్రం.

తెర మీద 286 దగ్గర (ప్రోటాన్ చేరిన మార్ఫిన్ బరువు) పీక్ కనబడగానే మార్ఫిన్ అనేయకండి. హైడ్రోమార్ఫోన్ బరువూ అదే. కాలమ్‌లోంచి అవి వేరువేరు సమయాల్లో బయటికి రావాలి. మార్ఫిన్ విరిగితే వచ్చే 201, 165 బరువు ముక్కలు రెండూ కనబడాలి, వాటి నిష్పత్తి కాలిబ్రేటర్‌తో (తెలిసిన మోతాదు మార్ఫిన్ ఉన్న శాంపిల్) 20 శాతం లోపు తేడాలో సరిపోవాలి. అంతకుముందు నడిపిన బ్లాంక్‌లో (మందు లేని శాంపిల్) ఏమీ ఉండకూడదు. వీటిలో ఒక్కటి కుదరకపోయినా మళ్లీ మొదటి నుంచి చేయండి, పీక్ ఎంత అందంగా ఉన్నా సరే.

అంకె వచ్చాక అర్థం చూడాలి. హెరాయిన్ శరీరంలో విరిగితే వచ్చే 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్ కనబడితే హెరాయిన్ వాడినట్టే. కొన్ని గంటల్లోనే పోతుంది కాబట్టి, కనబడలేదని హెరాయిన్ కాదనలేం. కోడీన్ ఎక్కువగా, మార్ఫిన్ తక్కువగా ఉంటే సిరప్ గురించి అడగండి, కోడీన్ శరీరంలో మార్ఫిన్‌గా మారుతుంది. గసగసాలు వేసిన కోడికూర తిన్నా మార్ఫిన్ రావచ్చు. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల టెస్టుల్లో ఓపియేట్ కటాఫ్‌ను (ఇది దాటితేనే పాజిటివ్ అనే హద్దు) 1998లో మిల్లీలీటర్‌కు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచడానికి ఒక కారణం ఈ గసగసాలే. అందుకే రిపోర్ట్‌లో అంకె, కటాఫ్, పద్ధతి మూడూ రాయండి.

మిగిలిన సీసాను మళ్లీ సీలు వేసి ఫ్రీజర్‌లో దాచండి. ఆ మనిషి ఇంకోసారి టెస్ట్ అడిగితే ఇవ్వాల్సింది దాన్నే.