రెగ్యులరా, ప్రీమియమా? నాకింగ్, పికప్, మైలేజీ సమస్యలకు అసలు కారణాలు

ఆక్టేన్ అంకె పెట్రోల్ బలాన్ని చెప్పదు. ఒత్తిడికీ వేడికీ పెట్రోల్ తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకుంటుందో చెబుతుంది, అంతే. కాబట్టి ప్రీమియం, అంటే ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోల్, నయం చేయగల జబ్బు ఒక్కటే, నాకింగ్ (మిశ్రమం తనంతట తాను అంటుకుని ఇంజిన్‌ను కొట్టడం). మిగతా వాటికి ఎంత ఖరీదైన పెట్రోల్ పోసినా డబ్బు దండగే.

పంపు మీది అంకె చూసేటప్పుడు ఒక జాగ్రత్త. అమెరికాలో రాసేది ఏకేఐ, యూరప్‌లోనూ భారత్‌లోనూ రాసేది ఆర్‌ఓఎన్. రెండూ ఆక్టేన్‌ను కొలిచే పద్ధతులే. ఏకేఐ 87 అంటే ఆర్‌ఓఎన్‌లో సుమారు 91-92. ఏకేఐ 91 సుమారు 95-96కి, 93 సుమారు 98కి సమానం. కింద వాడిన ఆక్టేన్ అంకెలన్నీ ఆర్‌ఓఎన్.

సమస్య: ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్‌లో టకటకమని చప్పుడు

రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు వినిపిస్తుంది. పై గేరులో, 1500-2500 ఆర్‌పీఎం మధ్య, ఎండ వేళల్లో ఎక్కువ.

స్పార్క్ వల్ల పుట్టిన మంట సిలిండర్ అంచుకు చేరేలోపే అక్కడ మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం తనకు తానే భగ్గుమంటుంది. ఆ ఒత్తిడి అల పిస్టన్‌నూ గోడలనూ కొడుతుంది. కంప్రెషన్ ఎక్కువగా ఉన్న ఇంజిన్లలో, టర్బో ఇంజిన్లలో ఈ ప్రమాదం ఎక్కువ.

చప్పుడు వినగానే యాక్సిలరేటర్ వదిలి, ఒక గేరు దించండి. తర్వాత ట్యాంకులో ఉన్న పెట్రోల్ ఆక్టేన్ పెంచాలి. దీనికి ట్యాంకు ఖాళీ చేయనక్కర్లేదు, రెండు రకాలూ కలుస్తాయి. 50 లీటర్ల ట్యాంకులో 20 లీటర్ల 91 మిగిలి ఉంటే, పైన 30 లీటర్ల 98 పోస్తే దాదాపు 95 అవుతుంది.

ట్యాంకు నిండా సరైన పెట్రోల్ ఉన్నా చప్పుడు ఆగలేదంటే పెట్రోల్‌ను వదిలేసి స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లటి పింగాణీ మీద మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పిస్టన్ కరుగుతోందన్నమాట, బండి ఇక నడపకండి. చుక్కలు లేకపోతే ప్లగ్ హీట్ రేంజ్ (వేడిని బయటికి పంపే సామర్థ్యం) తప్పేమో, కూలెంట్ తగ్గిందేమో, మిశ్రమంలో పెట్రోల్ తగ్గిందేమో చూడాలి. కంబషన్ చాంబర్‌లో కార్బన్ పేరుకున్నా ఇదే చప్పుడు వస్తుంది. దానికి పాలీఈథర్ అమీన్ (మసిని వదిలించే రసాయనం) ఉన్న, పెట్రోల్‌లో కలిపే క్లీనర్ ఒక ట్యాంకుకు వాడి చూడవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కాబట్టి, వాల్వుల మీది మసిని మాత్రం ఆ క్లీనర్ తాకదు.

సమస్య: చప్పుడేమీ లేదు, పికప్ మాత్రం చచ్చింది

చాలామందికి ఎదురయ్యేది నిజానికి ఇదే. చెవికి వినపడని నాకింగ్‌ను కూడా నాక్ సెన్సర్ పసిగడుతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, వెంటనే ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, పవర్ పోతుంది.

ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ సమాచారం చదివే పరికరం) తగిలించి ఇగ్నిషన్ టైమింగ్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, వీలైతే నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి పోయిందో) రికార్డు చేయండి. ట్రాక్ మీదో డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీదో మూడో గేరులో 2000 నుంచి 5000 ఆర్‌పీఎం దాకా పూర్తిగా తొక్కండి. ప్రీమియం పోశాక కొంతకాలం నడపనిచ్చి, అదే చోట, అదే వాతావరణంలో మళ్లీ చూడండి. కొన్ని ఈసీయూలు కొత్త పెట్రోల్‌కు మెల్లగా అలవాటుపడతాయి, బంకు నుంచి బయటికి రాగానే తీర్పు చెప్పకూడదు.

అన్ని సిలిండర్లలోనూ రిటార్డ్ పడుతూ, ప్రీమియంతో తగ్గితే పెట్రోలే కారణం. ఒక్క సిలిండర్‌లోనే పడుతుంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్, ప్లగ్ చూడండి. మొదటి రెండు పరుగుల్లో బాగుండి తర్వాత పడుతుంటే ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) వేడెక్కింది, కాస్త ఆగి చల్లారనివ్వాలి.

స్కానర్‌లో పీ0325 కోడ్ వస్తే అది నాక్ సెన్సర్ సర్క్యూట్ లోపం. సెన్సర్ మాట వినపడకపోతే ఈసీయూ ముందుజాగ్రత్తగా టైమింగ్ తగ్గించేస్తుంది, ఏ పెట్రోల్ పోసినా పికప్ రాదు. వైరింగ్, కనెక్టర్ చూశాకే సెన్సర్ మార్చండి. బోల్టును టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చాలా సెన్సర్లకు 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది. బిగువు తేడా వస్తే సెన్సర్ తప్పుగా వింటుంది.

సమస్య: ప్రీమియం పోసినా తేడా లేదు

ఇంజిన్‌కు అది అవసరం లేదు, అంతే. మాన్యువల్‌లో రెగ్యులర్ అని ఉంటే రెగ్యులరే పోయండి. ప్రీమియం "సిఫార్సు" అని ఉంటే మామూలు ప్రయాణాలకు రెగ్యులర్ సరిపోతుంది, ఘాట్ రోడ్డుకూ మండుటెండకూ ప్రీమియం మంచిది. "తప్పనిసరి" అని ఉంటే బేరం లేదు.

సమస్య: మైలేజీ తగ్గింది

ముందు ఇథనాల్ శాతం చూడండి. 10 శాతం కలిస్తే లీటరులో శక్తి 3 శాతం దాకా తగ్గుతుంది. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, మైలేజీ తగ్గిస్తుంది. టైర్లలో గాలి కూడా చూడండి.

సమస్య: టర్బో బండిలో తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా సుత్తితో కొట్టినట్టు దెబ్బ

ఇది స్పార్క్‌కు ముందే అంటుకోవడం. దీని వల్ల పిస్టన్ రింగుల గట్లు విరుగుతాయి. ఆక్టేన్ పెంచి దీన్ని నమ్మకంగా ఆపలేం. దీన్ని దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ వేయండి, పై గేరులో ఇంజిన్‌ను ఈడ్చకండి.

ఆక్టేన్ బూస్టర్ సీసా మీద "3 పాయింట్లు" అని ఉంటే చాలాసార్లు అది 0.3 మాత్రమే, అంటే 91 కాస్తా 91.3 అవుతుంది. మాంగనీస్ ఉన్నవి ప్లగ్గుల మీద ఎర్రటి పొర పేరుస్తాయి.

98 కోసం ఈసీయూ ట్యూన్ చేయించిన బండిలో పొరపాటున 95 పడితే ట్యాంకు దించక్కర్లేదు. బూస్ట్ (టర్బో ఒత్తిడి) పెరగనివ్వకుండా నెమ్మదిగా నడుపుతూ, చోటు అయిన కొద్దీ 98 పోస్తూ వెళ్లండి.